ఆట ఒక్కటే, ఆడు తీరులు పెక్కు



నాందేడు నుండి దెగ్లూరు పోవు రాజమార్గమున, నర్సీ కూడలికి ఈవల నున్న మా నాయ్‌గావ్ ప్రాంతము 1956వ సంవత్సరము వఱకును హైదరాబాదు రాష్ట్రములోనిది. పిమ్మట బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. ఏలుబడులు మాఱినను, అంగడిలో మరాఠీయు ఇంటిలో తెలుగును మాటలాడు కుటుంబములు ఈ సీమలో నేటికిని కలవు. గడప దాటగానే భాష మార్చుట, భాషతోపాటు నడవడిని గూడ ఇంచుక సవరించుకొనుట, అట్టి యింటి పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ పిల్లలే యిప్పుడు సెల్లుఫోను తెరమీదను, కంప్యూటరు తెరమీదను మఱియొక గడప దాటుచున్నారు. ఆ గడప కావల వారికి వేఱొక పేరు, వేఱొక రూపము, వేఱొక వృత్తి. ఒకడు కత్తిపట్టిన యోధుడు. ఒకతె గాయములు మాన్పు వైద్యురాలు. మఱియొకడు విల్లు చేతబట్టి అడవులు తిరుగు వేటకాడు. వారు చేరిన లోకము ఒక్కటే. ఆడు ఆట ఒక్కటే. కాని ఒకరు ఆడు తీరు మఱియొకరి తీరువలె నుండదు.

ఆ తీరులను గూర్చియే నేటి నా ప్రసంగము.

ఈ ఆటల నెఱుగని పెద్దలకొఱకు ముందుగా రెండు మాటలు. పిల్లలు ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేము అని చెప్పునది, ఇరువురు కూర్చుండి గంటలో ముగించి లేచిపోవు ఆట గాదు. అది యొక లోకము. అందు ఏకకాలమున వేలమంది సంచరించుచుందురు. మీరు ఫోను కట్టివేసి నిద్రించినను ఆ లోకము నిద్రింపదు. అచ్చటి సంతలు సాగుచునే యుండును, యుద్ధములు జరుగుచునే యుండును. చేయుటకు పనులుండును, వానిని క్వెస్టు లందురు. పనులు చేసినకొలది లెవెలు పెరుగును. జట్టుకట్టి ఆడువారి సంఘమును గిల్డు అందురు. ఇంతమాత్రము తెలిసిన చాలును.

ముఖ్యమైన సంగతి వేఱొకటి యున్నది. ఆ లోకమునకు తుది లేదు. ఫలానా వాడు గెలిచెను, ఇక లెండు, ఇండ్లకు పొండు అని చెప్పువాడు లేడు. తుది లేని యాటలో ఏది గెలుపో ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను. అచ్చటనే తీరు పుట్టును.

ఈ తీరులను వర్గీకరించి చూపినవాడు రిచర్డ్ బార్టిల్ అను ఆంగ్లేయుడు. 1978లో ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి మడ్ అను పేర ఒక ఆటను వ్రాయ మొదలిడగా, అతడు చదువు ముగించి పోవునప్పుడు దానిని తన చేతిలోనికి తీసికొని పెంచినవాడు ఈ బార్టిల్. ఆ ఆటలో బొమ్మలు లేవు. రంగులు లేవు. తెరమీద అక్షరములు మాత్రమే. మీరు ఫలానా చోట నిలిచియున్నారు, తూర్పున ఫలానాది కలదు అని తెర చెప్పును. తూర్పునకు పోదునని మీరు అక్షరములతోనే బదులు చెప్పవలెను. దృశ్యమంతయు ఆడువాడు తన మనస్సులో కల్పించుకొనవలసినదే. రేడియో శ్రోతలకు ఈ సాధన చిరపరిచితమే గదా!

ఆ లోకమున నిధులను వెదకి తెచ్చి ఒక బురదనేలలో పడవేసినచో పాయింట్లు వచ్చును. చాలినన్ని పాయింట్లు వచ్చినచో ఆటగాడు మాంత్రికుడగును. ఆట నియమము అంతే. అయినను అందఱును నిధులు వెదకలేదు. కొందఱు ఒకచోట చేరి ముచ్చటలాడిరి. కొందఱు ఏ తలుపు ఎచ్చటికి తెఱచుకొనునో చూచుచు తిరిగిరి. కొందఱు తోటివారినే పొడిచిరి. 1989 నవంబరు మొదలుకొని ఆఱు నెలలపాటు, ఆ ఆటయొక్క రెండవ రూపమును ఆడి మాంత్రికపదవి నందిన ఆటగాండ్ర నడుమ ఒక చర్చ సాగినది. ప్రశ్న ఒక్కటే: జనులు ఈ ఆటనుండి కోరుచున్న దేమి? ఆ చర్చయొక్క సారమును దీసి బార్టిల్ 1996లో ఒక వ్యాసము ప్రకటించెను. ఆటగాండ్రు నాలుగు తెగలవారని చెప్పి, పేకముక్కల నాలుగు గుర్తులను వారికి పంచిపెట్టెను.

డైమను గుర్తువారు సాధకులు. వారికి లెవెలు పెరుగవలెను, ధనము చేరవలెను, పట్టికలో తమ పేరు పైన నుండవలెను. ఇస్పేటువారు అన్వేషకులు, కొండ కావల ఏమున్నదో, ఈ నియమమును అటు త్రిప్పిన ఏమగునో వారికి తెలియవలెను. ఆఠీనువారు స్నేహశీలురు, వారికి ఆట ఒక నెపము, మనుష్యులే ప్రయోజనము. కళావరువారు ఘాతుకులు, తోటి ఆటగాని నుసురు దీయుటలోనో, ఉడికించుటలోనో వారికి వేడుక.

మఱల చెప్పెదను, గుర్తుంచుకొనుడు. సాధకులు, అన్వేషకులు, స్నేహశీలురు, ఘాతుకులు.

మన నాందేడు జిల్లాలో లోహా తాలూకా మాళెగావ్‌లో ఏటేట జరుగు ఖండోబా జాత్రకు పోయినవారికి ఈ నలుగురును ఎదురుపడియే యుందురు. కుస్తీ గోదాలో దిగి, ఎదిరిని వెల్లకిల వేసి, పదిమందిలో ఫేటా చుట్టించుకొనవలెనని ఒకడు పోవును. గుఱ్ఱముల బేరము నడుచు చోటు మొదలు చివఱి గుడారము వఱకు కాళ్లు నొచ్చునట్లు తిరిగి, ఏమియు కొనక, అన్నియు చూచితినను తృప్తితో మఱలువాడొకడు. ఏటికొకమాఱు కనబడు చుట్టములతో చాయి త్రాగి, మంచిచెడ్డలు మాటలాడుటయే జాత్రయనుకొనువాడు ఇంకొకడు. గుంపులో కాలు అడ్డుపెట్టి, పడినవానిని చూచి నవ్వుటకు పోవు తుంటరి నాలుగవవాడు. నలుగురును జాత్రకే పోయితిమందురు. నలుగురిలో ఎవరి మాటయు అబద్ధము గాదు.

ఇప్పుడు ఈ తీరులను గూర్చి కొన్ని కథలు చెప్పెదను. ఇవి కల్పితములు గావు, జరిగినవి.

మొదటిది సాధకుని కథ. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ప్రసిద్ధమైన ఆట 2004 నవంబరులో వెలువడినది. అందు ఆటగాండ్రు రెండు పక్షములు. ఒకటి అలయన్సు, రెండవది హోర్డు. పక్షముల పోరే ఆ ఆటకు ప్రాణము. 2012లో అందు పాండా రూపము గల యొక క్రొత్త జాతిని చేర్చిరి. ఆ జాతివారు ఒక మహాకూర్మము వీపుమీది దీవిలో ఆట మొదలుపెట్టుదురు. అచ్చటి పనులు ముగించి, ఏదో యొక పక్షమును వరించిననే గాని దీవి దాటరాదు. డబుల్ ఏజెంట్ అను పేరు పెట్టుకొన్న ఒక ఆటగాడు ఏ పక్షమునను చేరననెను. అందఱును గడియలలో దాటిపోవు ఆ చిన్న దీవిలోనే నిలిచెను. మూలికలు కోసెను. లోహపురాళ్లు త్రవ్వెను. మఱునాడును మూలికలు కోసెను, లోహపురాళ్లు త్రవ్వెను. ఒక్కొక్క మొక్కకు వచ్చు, లెవెలు పెంచు అనుభవము రవంత. అయినను రవంత రవంత కూడబెట్టి, ఆనాటికి ఆటలో తుదిమెట్టు అయిన 90వ లెవెలును అందుకొనెను. యుద్ధము పేరిటి లోకములో పక్షములేనివాడుగా శిఖరమెక్కెను. అతని సాధన ఏ క్వెస్టులోనిదియు గాదు. తన క్వెస్టును తానే కల్పించుకొనెను.

రెండవది ఘాతుకుని కథ. 1997 ఆగస్టు మాసము. అల్టిమా ఆన్‌లైన్ అను ఆట ఇంకను పరీక్షదశలో నున్నది. ఆ ఆటను సృష్టించిన రిచర్డ్ గారియట్ ఆ లోకమునకు ప్రభువై, లార్డ్ బ్రిటిష్ అను పేర ప్రజలకు దర్శనమిచ్చుటకు వచ్చెను. ఆయనకు మరణము లేదు. అట్లు ఏర్పాటు చేసికొనెను. కాని అంతకుముందు సర్వరు, అనగా ఆటను నడుపు యంత్రము, ఆగి మఱల నడచినప్పుడు ఆ రక్షణను తిరిగి పెట్టుకొనుట మఱచిపోయెను. రెయిన్జ్ అను ఆటగాడు అగ్నిని రగుల్చు మంత్రపత్రమొకటి చేజిక్కించుకొని, ఏమగునో చూతమని, ప్రభువు నిలిచిన చోట నిప్పు పెట్టెను. ప్రభువు కూలెను. లోకమును సృజించినవాడు తన లోకములోనే, తన ప్రజల కన్నులయెదుట, ఒక సామాన్యుని చేత హతుడయ్యెను! ఆ చేయి ఘాతుకునిదా? ఏమగునో చూతమనిన బుద్ధి మాత్రము అన్వేషకునిది గదా? ఈ ప్రశ్నను మనస్సున నుంచుడు. మఱల దీని యొద్దకు వత్తము.

మూడవది స్నేహశీలుని కథ. నార్వే దేశమున మాట్స్ స్టీన్ అను యువకుడుండెను. కండరములు క్రమముగా క్షీణించు వ్యాధి అతనిని బాల్యమునుండియు పట్టి పీడించెను. చక్రముల కుర్చీ విడిచి లేవలేడు. ఇంటిలో గూర్చుండి దినమంతయు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడుచుండెను. కుమారుడు స్నేహితులు లేక, ప్రేమ యెఱుగక, ఒంటరిగా జీవించుచున్నాడని తల్లిదండ్రులు కుమిలిరి. 2014లో, ఇరువదియైదేండ్ల ప్రాయమున అతడు మరణించెను. తండ్రి ఆ వార్తను కుమారుని అంతర్జాలపుటలో తెలిపినంతనే, తామెన్నడును చూడనివారినుండి ఉత్తరముల వెల్లువ వచ్చినది. ఇబెలిన్ అను పేర అతడు ఆ లోకమున నడచెను, పరుగెత్తెను, దుఃఖములో నున్నవారి మాట వినెను, తల్లీబిడ్డల నడుమ పొఱపొచ్చములను దీర్చెను. గిల్డులోని మిత్రులు కొందఱు విదేశములనుండి వచ్చి అతని అంత్యక్రియలలో పాల్గొనిరి. 2024లో అతని జీవితమును గూర్చిన చిత్రము లోకమంతయు చూచినది. అతని లెవెలు ఎంతయని ఆ మిత్రులలో ఎవరును తలంచి యుండరు.

ఇక పెక్కు తీరులు ఒక్కచోట బయటపడిన కథ యొకటి చెప్పెదను. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక క్రొత్త శత్రువును నిలిపిరి. వానితో పోరువారికి ఒక రక్తరోగము సోకును, దగ్గఱనున్నవారికి అంటుకొనును. అది ఆ యుద్ధభూమి దాటి రాకూడదని నిర్మాతల ఉద్దేశము. కాని ఆటగాండ్రు పెంచుకొన్న జంతువులకు సోకిన రోగము, వానితోపాటు నగరములకు వచ్చినది. నగరములు శ్మశానములైనవి. గట్టివారు తట్టుకొనిరి, క్రొత్తవారు క్షణములో కూలిరి. అప్పుడు ఏమి జరిగినదో వినుడు. గాయములు మాన్పు శక్తిగలవారు కొందఱు, పిలువకుండగనే పరుగెత్తివచ్చి రోగులకు శుశ్రూష చేసిరి. కొందఱు నగరము విడిచి ఊరి బయళ్లకు పాఱిపోయిరి. కొందఱు ఈ విడ్డూరమేమో చూతమని రోగమున్న చోటికే వచ్చిరి. కొందఱు కావలెనని రోగము అంటించుకొని, జనులున్న చోటికి పోయి పంచిరి. నిర్మాతలు తుదకు సర్వరులను ఆపి మొదలికి తేవలసి వచ్చినది. నీనా ఫెఫర్మన్, ఎరిక్ లోఫ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞులు 2007లో ఈ సంఘటనను అంటువ్యాధుల అధ్యయనమునకు ఒక పాఠముగా గ్రహించి వ్యాసము వ్రాసిరి. కరోనా దినములను చూచిన మనకు, ఇట్టివారందఱును మన వీథులలో కనబడినవారే యని వేఱుగ చెప్పనక్కఱ లేదు.

ఇంతవఱకు మనుష్యులను నాలుగు పెట్టెలలో సర్దితిమి. కాని మనిషి పెట్టెలో ఇముడునా? ఇందాక మనస్సున నుంచుడని చెప్పిన ప్రశ్నకు వత్తము. ప్రభువును కూల్చిన ఆటగాడు ఘాతుకుడా, అన్వేషకుడా? మూలికలు కోసికొన్నవాడు సాధకుడా, నియమముల అంచులను తడవి చూచిన అన్వేషకుడా? నిక్ యీ అను పరిశోధకుడు మూడువేలమంది ఆటగాండ్రను ప్రశ్నించి 2006లో తేల్చిన దేమనగా, ఇవి తెగలు గావు, కోరికలు. సాధన యొకటి, సాంగత్య మొకటి, లోకములో లీనమగుట యొకటి. ఒకటి యున్నచోట మఱియొకటి యుండరాదను నియమము లేదు. ఒకే మనిషిలో మూడును హెచ్చుతగ్గులుగా నుండును. ఉదయము సాధకుడైనవాడు రాత్రి స్నేహశీలుడు కావచ్చును. పరీక్ష తప్పిననాడు వాడే ఘాతుకుడును కావచ్చును.

మఱల చెప్పెదను. తీరు అనునది నుదుటి వ్రాత గాదు. ఆనాటి మనస్సుయొక్క కోరిక.

లీనమగుట యంటిని. అది యొక ప్రత్యేకమైన తీరు. ఈ ఆటగాడు తన పాత్రకు ఊరు పేరు, తల్లి తండ్రి, పగ ప్రేమ అన్నియు కల్పించి, ఆ పాత్ర మాటలాడునట్లే మాటలాడును. నిన్న క్రికెట్టు చూచితివా యని అడిగినచో, క్రికెట్టన నేమి, పరదేశీ, యని బదులు చెప్పును! ఇట్లు ఆడువారికొఱకై వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ప్రత్యేకమైన సర్వరులనే ఏర్పఱచిరి. పురుషుడు స్త్రీపాత్రను, స్త్రీ పురుషపాత్రను ధరించుటయు ఈ లోకములలో సర్వసాధారణము. దీనిని వింత యనుకొను పెద్దలు, మన పొరుగున నున్న నిజామాబాదు సీమ చిందు భాగవతమును ఒకమాఱు స్మరింతురు గాక. ఆ కళలో చిందు ఎల్లమ్మ పురుషవేషములు గూడ ధరించి ఖ్యాతి గాంచినది. వేషము ధరించుట మన నేలకు పరదేశపు సరకు గాదు.

ఇక, ఈ తీరులు ఒకదానికొకటి ఎట్లు ఆధారమో చెప్పవలెను. బార్టిల్ వ్యాసములో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది నాలుగు తెగల పేర్లు గావు. ఆ తెగల పొత్తును గూర్చి ఆయన చెప్పిన మాట. ఘాతుకులు మితిమీఱినచో స్నేహశీలురు లోకము విడిచి పోవుదురు. ఘాతుకులు బొత్తిగా లేకున్నను లోకము చప్పబడును. కనుక లోకమును నడుపువాడు ఈ నాలుగింటి తూకమును చూచుకొనవలెను. అన్ని తీరులు కలిసియున్నచో లోకము నిండుగా నుండును.

ఈ తూకము నేటి ఫోను ఆటలలో తప్పుచున్నదని నా అభిప్రాయము. దినమునకొకమాఱు తెఱచినచో బహుమానము. ఒక దినము తప్పినచో ఆ వరుస పోవును. గడియకొకమాఱు గంట మ్రోగును. పైకము చెల్లించినచో అదృష్టపు పెట్టె తెఱచుకొనును. ఇవన్నియు మనలోని సాధకుని ఒక్కనినే పిలుచుచున్నవి. కొండ కావల ఏమున్నదో చూడవచ్చిన బాలుడు, నేటి పని ముగించితివా, నేటి బహుమానము తీసికొంటివా యను పిలుపులకు బదులు చెప్పుటలోనే దినము గడుపుచున్నాడు. పందెపు పైకముతో ఆడు ఆటల సంగతి వేఱు. వానిని 2025లో భారత పార్లమెంటు చట్టముచేత నిషేధించినది. నేను చెప్పుచున్నది పందెము లేని ఆటలను గూర్చియే. అచ్చట పోవునది పైకము మాత్రమే గాదు. తన తీరున తాను ఆడు స్వేచ్ఛ.

పెద్దలకు ఒక మాట. మా ప్రాంతపు ఇండ్లలో ఇట్టి సంభాషణ వినబడుట కలదు. చీకటి పడినది. మనుమడు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని, మంచము కోడు కానుకొని, ఒకమాఱు మరాఠీలోను ఒకమాఱు హిందీలోను కేకలు వేయుచున్నాడు.

“ఎవలతోని లొల్లి పెడుతున్నవ్‌రా బిడ్డా?” అని అవ్వ అడుగును.

“లొల్లి గాదవ్వా, మా గిల్డోళ్లు. ఒగ పోరడు కొత్తగొచ్చిండు. ఆనికి తొవ్వ సూపిస్తున్న.”

“తొవ్వ సూపిస్తే నీకేమొస్తది?”

“ఏం రాదవ్వా. ఆడు సచ్చిపోకుంట ఉంటడు, గంతే.”

ఈ నాలుగు మాటలలో ఆ బాలుని తీరు తేటతెల్లముగా నున్నది. తనకేమియు రాకున్నను క్రొత్తవానికి తోడు నిలుచువాడతడు. అవ్వ అడిగినది గనుక అది బయటపడినది. ఎంతసేపటినుండి ఆడుచున్నావని గద్దించి యుండినచో, కాలము మాత్రమే తెలిసియుండును, మనుమడు తెలిసియుండడు. కాలమునకు మేర పెట్టవలదని నేననను. నిద్రకును, చదువునకును, భోజనమునకును ఆట అడ్డము రాకూడదు. కాని మేర పెట్టుటకు ముందు తీరు తెలిసికొనుడు. రాత్రిపూట జట్టును విడిచి రాలేనని ప్రాధేయపడువాడు స్నేహశీలుడు కావచ్చును; నలుబదిమంది ఒక్కటై శత్రువుమీదికి పోవు రెయిడు నడుమ వైద్యుడు లేచిపోయినచో తక్కినవారు కూలుదురు. వానికి ఏ వేళకు రెయిడు ముగియునో ముందే అడిగి, ఆ వేళకు మేర పెట్టవచ్చును. తోటివారిని ఏడిపించి నవ్వువానికి వేఱొక మాట చెప్పవలసియుండును. మందు రోగమును బట్టి గదా!

యువకులకును ఒక మాట. మీ తీరు ఏదియో మీరే తెలిసికొనుడు. గంట మ్రోగినది గనుక ఆడుచున్నారా, కోరిక గలిగి ఆడుచున్నారా యని అప్పుడప్పుడు మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. లెవెలు తక్కువవాడని క్రొత్తవానిని నూబని యెగతాళి చేయకుడు; వాడు కొండలు చూడ వచ్చినవాడేమో! మెల్లగా నడచువానిని త్వరపెట్టకుడు. వాడు మాటలాడ వచ్చినవాడేమో! మీకు కత్తిసామే వేడుక యైనచో, ఆ వేడుక కోరివచ్చిన వారితోనే కత్తి కలుపుడు. అందులకు ఏర్పఱచిన బరులు పెక్కు ఆటలలో ఉన్నవి. మీ తీరును మీరు విడువనక్కఱ లేదు. ఇతరుల తీరునకు చోటు విడిచిన చాలును.

ఈ ప్రసంగమున తక్కినదంతయు మఱచిపోయినను, ఒక్క మాట నిలుపుకొనుడు. ఎంతసేపు ఆడితివనుట సగము ప్రశ్న. ఎట్లు ఆడితివి, ఎవరితో ఆడితివి, ఏమి కోరి ఆడితివి యనునది తక్కిన సగము. ఆ రెండవ సగమును అడుగుటకు ఆట తెలిసియుండ నక్కఱ లేదు. పిల్లవాని ప్రక్కన ఒక గడియ కూర్చుండ నోపిక యున్న చాలును.